జోడుగెడ్డ అంబలి

మనిషన్నవాడు ఊరు దాటాడంటే దానికో కారణం ఉండాలి. ఎడ్లు కొనడానికో, పెళ్ళి సంబంధానికో, ఏలూరు కోర్టులో వాయిదాకో, అదీ కాదంటే దేవుడి మొక్కుకో. దెందులూరు కాపురానికి వచ్చిన నాటినుంచీ వీరరాఘవమ్మకి తెలిసిన ప్రయాణాలు ఇవే. అలాంటిది ఆవిడ మొగుడు జోగారావు, నలభై దాటిన సంసారి, వేసవికి కాలవలు కట్టేయగానే సంచీ సర్దుకుని, "కొండలు చూసొస్తానే" అన్నాడు. చూసి ఏం చేస్తారండీ అని అడిగింది. చూస్తాను అన్నాడు. అదీ ఆయనగారి జవాబు.

కాంగ్రెసువాళ్ళు మద్రాసులో మంత్రులైన మరుసటి వేసవి అది. ఈ బుద్ధి పుట్టించినవాడు వరదానం మాష్టారు. ఏలూరు మిషను స్కూల్లో పాఠాలు చెబుతాడు, సెలవలొస్తే కాలు ఒకచోట నిలవదు. చిన్నప్పుడు అదే స్కూల్లో జోగారావుతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. వాల్తేరు దాటి, రైలు దిగి, మోటారు బస్సెక్కి, ఆపైన కాలినడకన పోతే జోడుగెడ్డ అని ఒక చిన్న సంస్థానం ఉందట. ఊళ్ళు తక్కువ, కొండలెక్కువ. రాజుల కాలంనాటి కోట ఉందట, జలపాతం ఉందట, దొరలు సైతం డేరాలు వేసుకుని వారాలకి వారాలు ఉండిపోతారట. ఉంటే ఉండనీ, మధ్యలో మనకేం పని? ఈ మాట వీరరాఘవమ్మ మనసులో అనుకుందేగాని పైకి అనలేదు. ఆవిడకి అప్పుడే అనుమానం మొదలైంది.

వాళ్ళది పిల్లలు లేని సంసారం. ఆవిడకి జోగారావు తప్ప వేరే దిక్కు లేదు. రెండో పెళ్ళి చేసుకోమని ఆడపడుచు అచ్చాయమ్మ ఒకప్పుడు తమ్ముడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆయన విననట్టే ఊరుకున్నాడు. అయితే విననట్టు ఊరుకున్నవాడు నిజంగా వినలేదని ఏమిటి నమ్మకం? దారీ తెన్నూ లేని చోటికి, ఏ పనీ లేకుండా మొగుడు బయల్దేరాడంటే ఆ పాత పుండు మళ్ళీ సలిపింది.

జోగారావు తిరిగొచ్చాడు. చిక్కిపోయి, నల్లబడి, కాళ్ళనిండా బొబ్బలతో వచ్చాడు. అంత బడలికలోనూ మొహం మాత్రం కళకళలాడుతోంది. దానికి తోడు మాటలు మొదలుపెట్టాడు. ముందటి జోగారావు అన్నం తింటూ మాట్లాడితే పాపం తగులుతుందన్నట్టుండేవాడు. కూరలో ఉప్పెక్కువైతే కంచం కాస్త అవతలికి జరిపేవాడు, అంతే. ఇప్పుడు ముద్ద నోట్లోనే ఉంటుంది, మాట బయటికొచ్చేస్తుంది.

"మబ్బు మనకి నెత్తిమీద కదే ఉంటుంది? అక్కడ కాళ్ళ కింద ఉంటుంది. పైన మనకి ఎండ, కింద ఊళ్ళో వాన."

"అలాగాండీ."

"కోట గుమ్మం మీద వరసగా ఏనుగుల్ని చెక్కేరు. ఆఖరి ఏనుక్కి తొండం లేదు. శత్రువులొచ్చి కొట్టేసేరని ఒకాయన చెప్పేడు. కాదు, చెక్కేవాడు మధ్యలో పోయేడని ఇంకొకాయన. ఇద్దరూ అక్కడే దెబ్బలాడుకున్నారు."

"అలాగాండీ."

"జలపాతం కింద నిలబడితే వీపుమీద ఎవరో గుద్దుతున్నట్టే. మాష్టారూ నేనూ చిన్నపిల్లల్లా కేకలేసేం."

అలాగాండీ అని ఈసారి అనలేకపోయింది. కేకలేశాడట. ఇంటి వెనక పాము కనబడితే కూడా గొంతు పెంచని మనిషి కేకలేశాడట. వీరరాఘవమ్మ మజ్జిగ పోస్తూ మొగుడి కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు కంచం మీద లేవు, ఆవిడ మీదా లేవు. ఎక్కడో ఉన్నాయి.

"అన్నిటికన్నా గెడ్డ, అదే కొండవాగు, పుట్టేచోటు చూడాలే. రెండు రాళ్ళ సందులోంచి సన్నటి ధార. అరచెయ్యి అడ్డం పెడితే ఆగిపోయింది. ఇక్కడ వంతు నీళ్ళకోసం మనం గునపాలు పుచ్చుకుని తలలు పగలగొట్టుకుంటాం. నీళ్ళు పుట్టేది అలాగ." ఆయన మజ్జిగన్నం కలుపుకుంటూ మళ్ళీ అందుకున్నాడు. "అక్కడే ఒక గుడిసె ఉంది. దాహమంటే ఒకావిడ ఆకుదొన్నెలో చోడి అంబలి పోసింది. అమృతమే అనుకో."

"ఒకావిడంటే, పెద్దావిడాండీ?"

"ఏమోనే. నేనావిణ్ణెక్కడ చూసేను, అంబలి చూసుకున్నాను."

ఆడమనిషి చేత్తో పోస్తే మొహం చూడని మగాడు ఎక్కడైనా ఉంటాడా? వీరరాఘవమ్మ ఆ మాటని కొంగున ముడేసుకుంది.

రెండో సాక్ష్యం దానంతటదే వచ్చింది. ఒకనాడు జోగారావు గుమ్మంలో నిలబడి, "మనింట్లో చోడి అంబలి కాయకూడదా?" అన్నాడు. చోళ్ళంటే రాగులే, మెట్టవాళ్ళ తిండి, కూలి జనం తిండి. అక్కుళ్ళ సన్నబియ్యం గాదెల్లో పోసుకునే ఇంట్లో, కొల్లేటి కొర్రమీను పులుసు కాగుతుండగా, ఆసామీ అంబలి అడుగుతున్నాడు. వంటింట్లోంచి అచ్చాయమ్మ వదినగారు ఇంత పొడుగు మెడ చాచి చూసింది. ఆవిణ్ణి తాడేపల్లిగూడెంలో ఇచ్చారు. మొగుడు పోయాక తమ్ముడి పంచకి చేరింది. చేరిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో చీమ చిటుక్కుమన్నా ఆవిడకి తెలియాలి.

అంతకన్నా ఘోరమైంది మూడోది. జోగారావు పెళ్ళాన్ని పిలవాలంటే "ఇదిగో" అనేవాడు, ఎదురుగా లేకపోతే దగ్గేవాడు. ఇప్పుడు "రాఘవా" అంటున్నాడు. పొద్దున్నే చీకట్లో లేచి కాలవగట్టు వెంట నడిచొచ్చి, చెమటలు తుడుచుకుంటూ, "రాఘవా, వచ్చే వేసవికి నిన్ను కూడా తీసుకెళ్తానే. నువ్వెక్కగలవు. మెల్లగా ఎక్కుదాం" అన్నాడు. పెళ్ళైనన్నాళ్ళలో ఆయన ఆవిణ్ణి ఎక్కడికీ రమ్మన్న పాపాన పోలేదు. కట్టుకున్న మొగుడు పేరుపెట్టి మెత్తగా పిలిస్తే సంతోషించాల్సింది పోయి, వీరరాఘవమ్మకి ఒళ్ళు జలదరించింది.

"మళ్ళీ వెళ్తానన్నాడా?" అంది అచ్చాయమ్మ, సంగతి వినగానే. "అయితే సందేహం లేదే అమ్మాయ్. మందు తిన్నవాడికి పెట్టినచోటికే కాళ్ళు లాగుతాయి."

మరుగుమందు గురించి ఆ ప్రాంతంలో తెలియని ఆడది లేదు. తిండిలో కలిపి పెడతారట. తిన్న మగాడు పెట్టిన మనిషికి దాసుడైపోతాడట. ఇంటిమీద మనసుండదు, తనలో తను నవ్వుకుంటాడు, తిండి రుచి మారిపోతుంది, ఆఖరికి చిక్కి శల్యమై పోతాడు. కొండలవాళ్ళ మందైతే మరీ గట్టిదంటారు. అది కడుపులో గడ్డ కట్టుకుని కూర్చుంటుంది, కక్కిస్తేనేగాని పోదు. ఎవరు చూశారంటే ఎవరూ చూడలేదు. నమ్మకానికి సాక్ష్యాలు అక్కర్లేదు కదా.

అయినా వీరరాఘవమ్మ తొందరపడలేదు. ఆదివారంనాడు ప్రార్థనకోసం ఊళ్ళోకి వచ్చిన వరదానం మాష్టార్ని అరుగు దగ్గర ఆపింది.

"మాష్టారండీ, ఒక్క మాట. అక్కడేం జరిగిందండీ?"

"ఏం జరుగుతుందమ్మగారూ? తిరిగేం, చూసేం, వచ్చేం."

"మావారు మావారిలా లేరండీ. మీరు పక్కనే ఉన్నారు. నాకు చెప్పాలండీ."

వరదానం చేతిలోని గొడుగు అటూ ఇటూ తిప్పాడు. అబద్ధమాడటం చేతకాని మనిషి. "ఒక సంగతుందండీ," అన్నాడు చివరికి. "ఎవరికీ చెప్పొద్దని నాచేత మాట తీసుకున్నారు. తప్పు సంగతేం కాదమ్మగారూ. ఆయన్నే అడగండి."

మాట తీసుకున్నాడంటే దాచాల్సింది ఉన్నట్టే కదా. మధ్యాహ్నం భోజనం దగ్గర అడిగింది. "మాష్టారు నా దగ్గరేదో దాస్తున్నారండీ." జోగారావు తల వంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఆ, ఏం లేదులే," అని నవ్వేసి చెయ్యి కడుక్కున్నాడు. సిగ్గుపడ్డాడు ఆ మనిషి. వీరరాఘవమ్మకి గుండె రాయైపోయింది. తన మొగుణ్ణి ఎవత్తో ఎగరేసుకుపోతోంది, తను గరిటె పట్టుకుని చూస్తూ కూర్చుంది.

మందు తీసేవాణ్ణి అచ్చాయమ్మే కుదిర్చింది. కామవరపుకోట అవతలెక్కడో ఉంటాడు. వాడు వచ్చి, వీధిలోంచే జోగారావుని ఓరగా చూసి, కళ్ళకింద నీడ పడిందన్నాడు. ఎండలో కొండలెక్కి వచ్చినవాడికి నీడ పడకేం చేస్తుంది? ఆ మాట అనేవాళ్ళు అక్కడ లేరు. ఆకుపసరు ఇచ్చి, "ఆయన ఇష్టంగా తాగేదాంట్లో కలపండమ్మా. తెలిస్తే తాగడు. తాగాక నేను చూసుకుంటాను" అన్నాడు.

ఇష్టంగా తాగేదేమిటో చెప్పక్కర్లేదు. అచ్చాయమ్మ తాడేపల్లిగూడెం సంతనుంచి చోళ్ళు తెప్పించింది. ఎవరికమ్మా అని అడిగితే కోళ్ళకని చెప్పమంది. వీరరాఘవమ్మ తిరగలి దగ్గర కూర్చుని విసిరింది, అంబలి కాసింది, చల్లార్చి మజ్జిగ కలిపింది. పసరు తెచ్చి పక్కన పెట్టుకుంది. ఒక్కసారి గిన్నె పెరట్లో పారబోద్దామనిపించింది కూడా. పారబోస్తే ఆయన వెళ్ళిపోతాడు, వెళ్ళిపోతే తనెవరు, ఈ ఇంట్లో తన బతుకేమిటి? కళ్ళు తుడుచుకుని కలిపేసింది.

గిన్నె చూడగానే జోగారావు మొహం విప్పారింది. "చేసేవా," అన్నాడు. పీట మీద కూర్చుని రెండు చేతులా గిన్నె ఎత్తి, ఆగకుండా చివరి చుక్కదాకా తాగాడు. చేదు తెలిసే ఉంటుంది. తెలిసినా పెళ్ళాం మొదటిసారి కాసిన అంబలి కదా అని మొహం చిట్లించలేదు. "రాఘవా, నువ్వు కాయవనుకున్నానే," అని మూతి తుడుచుకున్నాడు. ఆ మాట ఆవిడ చచ్చేదాకా మరిచిపోలేకపోయింది.

తరవాత జరిగింది వర్ణించి చెప్పుకునేది కాదు. పొద్దెక్కేసరికి మొదలైన వాంతులు పొద్దు వాలినా ఆగలేదు. మొదట అంబలి, తరవాత పసరు, తరవాత ఏమీ లేదు, ఉత్త డోకు. మందు తీసేవాడు వంగి, చేతులు కడుపుమీద ఆడించి, వాంతి పట్టిన విస్తట్లోంచి నల్లటి ఉండ ఒకటి పైకి తీశాడు. వెంట్రుకలు చుట్టుకుని ఉంది. వీధి వీధంతా నోరు నొక్కుకుంది. అచ్చాయమ్మ గెలిచినట్టు చూసింది. వీరరాఘవమ్మ ఆ ఉండని చూడలేదు. ఆవిడ మొగుడి కళ్ళు తేలేయడం చూసింది.

"వదినగారండీ, ఆయన చచ్చిపోతున్నారు."

"మందు దిగాక అలాగే ఉంటుందే."

"మీ మందు మట్టిగొట్టుకుపోను," అంది వీరరాఘవమ్మ. ఆడపడుచుని ఎదిరించి మాట్లాడటం అదే మొదలు. పాలేరుని పిలిచి, జట్కా కట్టించి, మాష్టారికి చెప్పి డాక్టరుని తీసుకురమ్మని ఏలూరు తరిమింది. డాక్టరు వచ్చేసరికి మందు తీసేవాడు ఊళ్ళో లేడు. ఇంకాస్త ఆలస్యమైతే మీ పసుపు కుంకాలు దక్కేవి కావమ్మా అని డాక్టరు మొహాన్నే చెప్పాడు.

జోగారావు బతికాడు. మంచం మీద లేచి కూర్చున్నరోజున, వీధిలోవాళ్ళకి చూపించడానికి అచ్చాయమ్మ దాచిపెట్టిన నల్లటి ఉండ ఆయన కంటబడింది.

"ఏమిటిది అక్కా?"

"నీ కడుపులోంచి తీసిన మందు, తమ్ముడూ. ఆ కొండముండ పెట్టింది. నీ పెళ్ళాం పుణ్యమా అని దిగింది."

ఆయన ఉండని చూశాడు. పెళ్ళాన్ని చూశాడు. "అంబలిలోనా?" అని అడిగాడు.

"మీ మంచికేనండీ," అంది వీరరాఘవమ్మ. ఆ మాట తనకే నిజంలా వినబడలేదు.

జోగారావు కోప్పడలేదు. చెయ్యెత్తి ఉంటే బాగుండునని ఆవిడ ఎన్నోసార్లు అనుకుంది. "సరే, పోయిందిగా," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నిజంగానే పోయింది. మబ్బుల మాట లేదు, ఏనుగుల మాట లేదు. కాలవగట్టు మీద నడక మానేశాడు. మళ్ళీ "ఇదిగో" అంటున్నాడు. మనిషి దారిలో పడ్డాడని ఊరంతా మెచ్చుకుంది. వాళ్ళెవరూ ఆయన భోజనం చేస్తుండగా చూడలేదు. పీటమీద కూర్చుంటాడు. మొదటి ముద్ద కలిపి, అరుగు కింద ఉండే నల్లకుక్కని పిలిచి దానికేస్తాడు. అది తినేదాకా ఆగుతాడు. తిన్నాక ఇంకాస్త ఆగి, అప్పుడు తను ముద్ద ఎత్తుతాడు. ఇందులో దాపరికం లేదు, దెప్పిపొడుపు కూడా లేదు. తాగే నీళ్ళు తనే నూతిలోంచి తోడుకునేవాడు. ఆ కుక్క ఒళ్ళు చేసి నిగనిగలాడుతుంటే, వీరరాఘవమ్మ వంటింట్లో నిలబడి కుమిలిపోయేది. నిన్నటిదాకా తను ఆయన్ని అనుమానించింది, ఇవాళ్టినుంచి ఆయన వంతు.

కోతలైపోయాక వరదానం మాష్టారు వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు, నిలబడే మాట్లాడాడు.

"తప్పు నాదమ్మగారూ. ఆవాళ మీరడిగినప్పుడే చెప్పవలసింది. గెడ్డ పుట్టేచోట కూర్చుని మీవారు ఏడ్చేరండీ. వెక్కివెక్కి ఏడ్చేరు. నేను బెదిరిపోయేను. ఏమిటండీ అంటే, 'ఇంట్లోకి మనిషిని తెచ్చుకుని ఇన్నేళ్ళైంది మాష్టారూ, వంటింటి పొగా కొల్లేటి దోమలూ తప్ప ఏమీ చూపించలేదు. ఇది తను చూడాలి' అన్నారు. మగాడు ఏడ్చేడంటే నవ్వుతారని నాచేత మాట తీసుకున్నారు. ఆ అంబలి పోసినావిడకి మా అమ్మకన్నా పెద్ద వయసండీ, పళ్ళు కూడా లేవు."

మాష్టారు వెళ్ళాక వీరరాఘవమ్మ గాదె వెనక్కి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. రాఘవా అని పిలిచిన గొంతు గుర్తొచ్చింది. ఆ పిలుపునే కదా తను రోగమనుకుంది. ఆ రోగాన్నే కదా చేతులారా కక్కించింది.

మళ్ళీ వేసవి వచ్చింది. కాలవలు కట్టేశారు. చేలు నెర్రెలిచ్చాయి. వీరరాఘవమ్మ ఈసారి తనే మనిషిని పంపి చోళ్ళు తెప్పించింది. ఎవరికని అడిగితే మాకేనని చెప్పమంది. పట్టపగలు, నడవాలో, అందరూ చూస్తుండగా తిరగలి విసిరింది. అంబలి కాచి, గిన్నె తెచ్చి పీట ముందు పెట్టింది. జోగారావు గిన్నె చూశాడు. మొహంలో రంగు మారింది.

"ఏవండీ," అందావిడ. "ఈ వేసవికి జోడుగెడ్డ వెళ్దామండీ."

ఆయన తలెత్తి చూశాడు. నిరుడు ఆవిడ ఆయన కళ్ళలోకి వెతుకుతూ చూసిన చూపే అది. నవ్వకుండానే అడిగాడు.

"నీకెవరు పెట్టేరే మందు?"

"మీరేనండీ," అంది వీరరాఘవమ్మ. "నిరుడు అన్నం తింటూ రోజూ పెట్టేరు. మబ్బులనీ, ఏనుగులనీ. ఎంత కక్కుదామన్నా పోవడంలేదండీ."

మొగుడు తినకుండా ఆడది మెతుకు ముట్టని ఇల్లది. ఆవిడ వంగి ఆ గిన్నె తీసుకుంది, ఆయన ఎదురుగానే నిలబడి సగందాకా గటగటా తాగింది. మూతికి అంటుకున్న అంబలి తుడుచుకోకుండా గిన్నె మళ్ళీ ఆయన ముందు పెట్టింది. గుమ్మంలో అచ్చాయమ్మ బుగ్గలు నొక్కుకుంది. తాగుతున్న చప్పుడు విని, నల్లకుక్క అరుగు కిందినుంచి లేచి వచ్చి, అలవాటు ప్రకారం పీట పక్కన నిలబడి తోక ఊపింది.

జోగారావు గిన్నెకేసి చాలాసేపు చూశాడు. తరవాత అందుకున్నాడు. ఒక గుక్క తాగి, నోట్లోనే ఆపి, మింగాడు.

"నీళ్ళెక్కువయ్యేయి," అన్నాడు. "అక్కడిది ఇంకా చిక్కగా ఉంటుంది."

ఆవిడ స్తంభం పట్టుకుంది. ఆయన మిగతాది తాగుతూ, ఎడంచేత్తో కుక్కని అవతలికి నెట్టాడు.

"ఇవాళ నీకు లేదు, పోవే."

కుక్కకి ఆ మాట అర్థం కాలేదు. తన వంతు వస్తుందని అక్కడే కూర్చుంది.